అచ్చు చెప్పిన సాక్ష్యము

1900వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు పశ్చిమభాగమున, నాంతు నగరమునకు చేరువనున్న లే క్లెయోన్ అను చోట ఒక పాత నాణెముల నిధి బయటపడెను. అందున్నవి క్రీస్తుశకము మూడవ శతాబ్దినాటి రోమను నాణెములు. వానిని వెండి నాణెము లనుట పేరునకు మాత్రమే. వానిలో రాగియే హెచ్చు. అట్టివి ఫ్రాన్సులోను ఇంగ్లండులోను వేలకొలది దొరకుచునే యుండును గనుక వానిని చూచి ఎవరును పెద్దగా ఆశ్చర్యపడరు. కాని యీ నిధిలోని ఒక నాణెము పండితులను చిక్కున బెట్టినది. దాని మీద గడ్డము పెంచిన ఒక పురుషుని ముఖమున్నది. అతని తలపై సూర్యకిరణములవంటి మొనలుగల కిరీటమున్నది. చుట్టును లాటిను అక్షరములలో చక్రవర్తి బిరుదములతో 'దొమితియానుస్' అను పేరున్నది.

ఆ పేరుగల చక్రవర్తి రోమునకు లేకపోలేదు. కాని అతడు క్రీ.శ. 81 మొదలు 96 వరకు ఏలినవాడు. ఈ నాణెము అతని కాలమునకు రమారమి రెండువందల యేండ్లు తరువాతిది. మూడవ శతాబ్దిలో దొమితియానుస్ అనువా డొకడుండినట్లు పాత గ్రంథములలో ఒకటి రెండు మాటలు మాత్రము కలవు. ఔరేలియను చక్రవర్తి కాలమున అతడు తిరుగుబాటు చేసి శిక్షింపబడినట్లు జోసిముస్ అను చరిత్రకారుడు వ్రాసెను. అంతే. అతడు తన్ను చక్రవర్తినని చాటుకొనినట్లు గాని, తన పేర నాణెములు కొట్టించినట్లు గాని ఏ గ్రంథమును చెప్పదు. కావున ఆ నాణెమును నమ్మనివారు పలువురుండిరి. ఎవడో మాయగాడు అదే కాలపు మరియొక రాజు నాణెమును దెచ్చి, సన్నని ఉలితో అక్షరములు గీకి, కొత్త పేరు చెక్కియుండునని వారి సందేహము. ఒక చక్రవర్తి యుండెనా లేదా యను ప్రశ్న యంతయు వ్రేలిగోరంత లోహపు బిళ్ళ మీద నిలిచినది. ఆ బిళ్ళ నాంతులోని మ్యూజియమునకు చేరినది. నూరేండ్ల వరకు ఆ సందేహము తీరలేదు.

2003వ సంవత్సరమున ఇంగ్లండులో ఆక్సుఫర్డు జిల్లాకు చెందిన చాల్‌గ్రోవ్ అను గ్రామపు పొలములో ఒక మట్టికుండ దొరకినది. అందు సుమారు 5,000 నాణెములుండెను. పదునేడు శతాబ్దుల చెమ్మకు చిలుము పట్టి అవి యన్నియు ఒకదానితో నొకటి అతుకుకొని ముద్దగట్టియుండెను. లండనులోని బ్రిటిషు మ్యూజియమువారు వానిని ఓపికతో విడదీసి శుభ్రపరచి చూచిరి. ఒక నాణెము మీద గడ్డపు ముఖము, కిరణముల కిరీటము, మరల అదే పేరు కనబడెను. అప్పుడు వారు నాంతు నాణెపు చిత్రమును దీని ప్రక్కన బెట్టి పోల్చిరి. రెండును ఒకే అచ్చులనుండి వెలువడినవని తేలినది. దానితో వాదము ముగిసినది.

ఎట్లు ముగిసినదో గ్రహించుటకు, ఆ కాలమున నాణెము పుట్టు విధమును ముందు తెలిసికొనవలెను.

నాణెములు తయారగు చోటును మన పూర్వులు కమ్మటమనియు టంకసాల యనియు పిలిచిరి. నాణెము 'కొట్టుట' యని తెలుగున వాడుకగలదు. ఆ మాటలోనే పని తీరంతయు నిమిడియున్నది. రోము నగరపు కమ్మటము చాలకాలము కాపిటోలు కొండ మీద, జూనో మోనేతా యను దేవత గుడి చెంత నుండెను. ఆంగ్లమున ధనమునకు వాడు 'మనీ' యను మాట ఆ దేవత పేరునుండియే పుట్టినది. క్రీ.పూ. 46లో ఆ కమ్మటమునకు అధికారిగా నుండిన కారీసియుస్ అనునతడు ఒక చక్కని నాణెమును వెలువరించెను. దాని మీద ఒకవైపున మోనేతా ముఖమును, రెండవవైపున అచ్చు, సుత్తె, పట్టకారు అను కమ్మటపు పనిముట్లును కలవు. పనివాని పనిముట్లకు నాణెము మీద చోటు దొరకుట అరుదు.

ఒక నాణెమునకు రెండు అచ్చులు కావలెను. ఇనుముతో గాని గట్టి కంచుతో గాని చేసిన దిమ్మె మీద చెక్కుడుపనివాడు బొమ్మను లోతుగా, తిరుగవేసి చెక్కును. నాణెము మీద ముక్కు కుడివైపునకు తిరిగియుండవలెనన్నచో అచ్చులో ఎడమకు తిరిగియుండవలెను. అక్షరములు అద్దములో కనబడినట్లు తలక్రిందుల వరుసలో నుండవలెను. రాజు ముఖముగల అచ్చును దాగలిలో కదలకుండ బిగింతురు. దానిపై తూచి సిద్ధముచేసిన బిళ్ళను ఉంతురు. రెండవ అచ్చును ఆ బిళ్ళపై నిలిపి పట్టుకొందురు. సుత్తెతో బలముగా ఒక దెబ్బ. క్రింది అచ్చు 'బొమ్మ'ను, పై అచ్చు 'బొరుసు'ను ఇచ్చును. తరువాతి బిళ్ళ సిద్ధముగా నుండును.

తొందరలో తప్పులును జరుగును. కొట్టిన నాణెము ఒక్కొక్కప్పుడు పై అచ్చునకే అంటుకొనిపోవును. పనివాడు చూచుకొనక మరియొక బిళ్ళనుంచి కొట్టినచో, ఆ బిళ్ళకు క్రిందివైపున రాజు ముఖము ఉబ్బెత్తుగాను, పైవైపున అదే ముఖము లోతుగాను తిరుగవడియు అచ్చగును. అట్టి నాణెములు నేటికిని మ్యూజియములలో కనబడుచున్నవి. రెండువేల యేండ్లనాటి ఒక పనివాని ఏమరుపాటు అందు చెదరక నిలిచియున్నది.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యేమనగా, అచ్చులు చేతితో చెక్కినవి. ఇప్పటి టంకసాలలలో ఒక మూలపుటచ్చునుండి యంత్రముతో ఎన్ని అచ్చులనైనను అణుమాత్రము భేదము లేకుండ తీయవచ్చును. రోమను పనివానికి ఆ వీలు లేదు. ఒక అచ్చు పగిలినచో మరియొకటి మొదటినుండి చెక్కవలసినదే. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకమునకు వాడు కొయ్య అచ్చులను చూచినవారికి ఈ సంగతి సులువుగా బోధపడును. ఒకే పనివాడు ఒకే లతను రెండు దిమ్మెల మీద చెక్కినను, ఒకదానిలో ఆకు కొన కొంచెము వంగును. మరియొకదానిలో మొగ్గ కొంచెము జరుగును. రెండు చీరలపై లత ఒకే తీరుగా, వంపునకు వంపు, చుక్కకు చుక్క సరిపోయినచో ఆ రెండు చీరలను అద్దినది ఒకే దిమ్మె యని చెప్పవచ్చును. ఆ దిమ్మె మూల పగిలినచో, ఆ తరువాత అద్దిన గుడ్డలన్నిటిమీదను ఆ పగులు కనబడును. నాణెముల సంగతియు ఇంతే. అచ్చు మీద పడిన చీలికలోనికి లోహము దూరును గనుక నాణెము మీద అది సన్నని ఉబ్బెత్తు గీతగా తేలును.

రెండు నాణెములను పోల్చువాడు వాని నునుపును గాని, అరుగుదలను గాని చూడడు. ఒకటి సంతలో నలిగి అరిగియుండవచ్చును. మరియొకటి కొట్టిననాడే కుండలో చేరి మెరయుచుండవచ్చును. ఒకదాని అంచున అక్షరములు బిళ్ళ దాటిపోయి యుండవచ్చును. ఇవి యన్నియు అచ్చు చేసినవి కావు. చూడవలసినది ఒకదానికొకటి గల ఎడము. ముక్కుకొన ఏ అక్షరము వైపు చూపుచున్నది? కిరీటపు రిబ్బను చివరలు మెడ మీద ఎచట ముగిసినవి? గడ్డపు కొసకును క్రింది అక్షరమునకును నడుమ నెంత ఖాళీ గలదు? అంచున గుండ్రముగా పొదిగిన చుక్కలలో ఏవి రెండు దగ్గరగా పడినవి? ఇవి యన్నియు సరిపోయినచో అచ్చు ఒకటే. ఒక్కటి నిశ్చయముగా తప్పినను అచ్చులు వేరు. ఇందు కావలసినది పాండిత్యము కంటె కన్నును ఓపికయు. పూర్వము నాణెములకు మెత్తని సుద్దతో ప్రతిరూపములు తీసి బల్ల మీద పరచి పోల్చెడివారు. తరువాత ఛాయాచిత్రములు వచ్చినవి.

ఇప్పుడు దొమితియానుస్ నాణెముల తీర్పు తేటపడును. గీకి చెక్కిన నాణెము లోకములో ఒక్కటే యుండును. ఆ చెక్కిన చేయి మరియొక నాణెము మీద అదే అక్షరమును అదే యెడముతో, అదే లోతుతో రెండవసారి చెక్కజాలదు. నాంతు నాణెము అట్టి మాయపనియే అయినచో దానికి జంట దొరకరాదు. జంట దొరకినది. పోనీ, 1900కు ముందు ఎవడో దొంగ అచ్చు చేసి రెండు నాణెములు కొట్టెననుకొందమా? అప్పుడు రెండవది ఇంగ్లండులోని పొలము క్రింద, మూడవ శతాబ్దినుండి మూతపడియున్న కుండలో, తోడి నాణెములతో చిలుము పట్టి అతుకుకొనిపోయి యుండజాలదు. ఒక నాణెము మరియొకదానికి సాక్ష్యము చెప్పినది. క్రీ.శ. 271 ప్రాంతమున, రోముతో సంబంధము త్రెంచుకొనియున్న గాలు దేశమున, దొమితియానుస్ అనువాడు కొలదికాల మైనను చక్రవర్తియై నాణెములు కొట్టించెనని దీనివలన నిశ్చయమైనది. చాల్‌గ్రోవ్ నాణెము ఆక్సుఫర్డులోని ఆష్మోలియన్ మ్యూజియమునకు చేరినది.

అచ్చులను పోల్చు విద్యను ఒక శాస్త్రముగా నిలిపినవారిలో స్విట్జర్లండు దేశీయుడైన ఇమ్‌హూఫ్-బ్లూమర్ మొదట లెక్కింపదగినవాడు. అతడు 1878లో గ్రీసు దేశపు అకర్నానియా ప్రాంతపు నాణెములను గూర్చి వ్రాయుచు ఈ పద్ధతిని వాడెను. అతనికి తోచిన కీలకము చాల సరళమైనది. బొరుసు అచ్చు సుత్తె దెబ్బను నేరుగా ఓర్చుకొనును. బొమ్మ అచ్చు దాగలిలో ఒదిగియుండును. అందుచేత సాధారణముగా బొరుసు అచ్చే ముందు పాడగును. అప్పుడు పనివాడు దానిని మాత్రము మార్చి, బొమ్మ అచ్చును అట్లే కొనసాగించును. కొంతకాలమునకు బొమ్మ అచ్చును పాడగును. అప్పుడు చేతనున్న బొరుసు అచ్చు ఇంకను బాగుండును.

బొమ్మ అచ్చులకు అ, ఆ, ఇ యని పేర్లిడుదము. బొరుసు అచ్చులకు 1, 2, 3 అని అంకెలిడుదము. ఒక నాణెము మీద 'అ'యు 1యు కలవు. మరియొకదానిపై 'అ'యు 2యు. వేరొకదానిపై 'ఆ'యు 2యు. నాలుగవదానిపై 'ఆ'యు 3యు. ఇట్లు గొలుసుకు గొలుసు తగిలించినట్లు నాణెములు వరుసకట్టును. దీనినే అచ్చుపొత్తు అనవచ్చును. గొలుసునకు ఏ కొస మొదటిదో తెలియుటెట్లు? 1తో కలిసినప్పుడు 'అ' అచ్చు మీద చీలిక లేక, 2తో కలిసినప్పుడు చీలిక గలిగినచో, 1 ముందుది, 2 తరువాతిది. తేదీ యొక్కటియు వ్రాసియుండని నాణెములను ఈ విధముగా కొట్టిన వరుసలో నిలుపవచ్చును. రాజుల పట్టాభిషేకములను, యుద్ధములను ఆ వరుసకు జోడించుట చరిత్రకారుని వంతు.

రోమను కమ్మటములోనికి ఇంకను లోతుగా తొంగిచూచు అవకాశము క్రీ.పూ. 82నాటి నాణెములవలన కలిగినది. సుల్లా యను సేనాని రోమును గెలుచుటకు యుద్ధము సాగించుచున్న దినము లవి. సైనికులకు జీతము లీయవలెను; నాణెములు విరివిగా కావలెను. పూబ్లియుస్ క్రెపూసియుస్ అను కమ్మటపు అధికారి వెలువరించిన వెండి దెనారియుస్ నాణెముల మీద ఒకవైపున అపోలో దేవుని ముఖమును, రెండవవైపున ఈటె పట్టి గుఱ్ఱము నురికించుచున్న రౌతును కలవు. రౌతు వెనుక ఒక అంకె యున్నది. బొరుసు అచ్చు మారినప్పుడెల్ల అంకెయు మారును. ఒకటితో మొదలైన ఆ అంకెలు 500 దాటిపోయినవి. అపోలో వైపునను అక్షరములును, చిన్న చిన్న గురుతులును కలవు. అనగా కమ్మటమువారు తమ అచ్చులకు తామే లెక్కపెట్టి ఆ లెక్కను మనకు విడిచిపోయిరి.

ఆ అంకెల వరుసను చూచినవారికి, ఒకటవ అచ్చు అరిగిన తరువాత రెండవది, రెండవది అరిగిన తరువాత మూడవది తీసిరని తోచును. కాని 1976లో టి. వి. బట్రీ అను నాణెశాస్త్రజ్ఞుడు ఈ నాణెముల అచ్చుపొత్తులను పరిశీలించి చూడగా అట్లు జరుగలేదని తేలినది. ఒకే బొమ్మ అచ్చు ప్రక్కప్రక్కన లేని అంకెలతో పొత్తు కలిసినది. ఒకేసారి పలు దాగలులు పనిచేయుచుండెను. సాయంకాలము పని ముగిసిన పిదప అచ్చులన్నిటిని పెట్టెలోబెట్టి తాళము వేసి, మరునా డుదయమున చేతికందినవానిని తీసి పంచియుండిరని పండితుల ఊహ. ఆ పెట్టె యేనాడో నశించినది. ఏ గ్రంథమును దానిని పేర్కొనలేదు. అయినను అది యుండెనని వెండిబిళ్ళల పొత్తులు చెప్పుచున్నవి. అచ్చును దొంగిలించువానికి కమ్మటమంతయు చేతికి చిక్కినట్లే గనుక ఆ జాగ్రత్త కారణములేనిది కాదు.

క్రెపూసియుస్ అంకెలవలన మరియొక మేలు కలిగినది. పూర్వకాలపు నాణెములు నూటికి తొంబదిపాళ్లకంటె హెచ్చుగా కరగిపోయినవి, పోగొట్టుకొనబడినవి. మిగిలినవానినిబట్టి మొదట ఎన్ని అచ్చులుండెనో చెప్పవచ్చునా? చెప్పవచ్చునని గణితశాస్త్ర మనుచున్నది. ఒక పండితుడు ఒక జాతి నాణెములు 100 చూచెననుకొందము. కొన్ని అచ్చులు పదేసిసార్లు, కొన్ని మూడేసిసార్లు కనబడినవి. ఒక్కొక్కసారి మాత్రమే కనబడినవి 20 అచ్చులు. అప్పుడు అతని చేతికి వచ్చు నూటయొకటవ నాణెము అతడెరిగిన అచ్చునుండియే పుట్టినదగుటకు నూటికి 80పాళ్లు అవకాశము కలదు. క్రొత్త అచ్చుది యగుటకు 20పాళ్లు. ఒంటరి అచ్చులు తగ్గినకొలది, చూడక మిగిలినవి తగ్గినట్లు లెక్క. చూచిన నూటికి నూరును వేరువేరు అచ్చులే అయినచో, మన మెరిగినది దాదాపు సున్న. ఈ సూత్రమును ఐ. జె. గుడ్ అను గణితవేత్త 1953లో ప్రకటించెను. దానికి మూలమైన ఊహ అలన్ ట్యూరింగుది. చీకటిలో తిరుగు సీతాకోకచిలుకల జాతులను లెక్కించుటకును ఇట్టి సూత్రమే పనికివచ్చుచున్నది. అయితే ఇట్టి లెక్క నిజమో కాదో చూచుటకు గీటురాయి కావలెను గదా? క్రెపూసియుస్ అచ్చుల మొత్తము అంకెలవలన ముందే తెలిసియున్నది గనుక, జైల్స్ కార్టర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ నాణెములనే గీటురాయిగా గైకొని తన లెక్కలను సరిచూచుకొనెను.

అచ్చులు లెక్కకు వచ్చిన తరువాత మనసు ఊరకుండదు. ఒక్కొక్క అచ్చు ఎన్ని నాణెములు కొట్టియుండును? రోమను గణతంత్రపు నాణెములను గూర్చి 1974లో మహాగ్రంథము వెలువరించిన మైకేల్ క్రాఫర్డ్ పండితుడు బొమ్మ అచ్చునకు 30,000 నాణెములని పట్టుకొని, ఏ యేట రోము ఎంత ధనమును వెలువరించెనో, దానితో ఎన్ని సేనలను పోషించెనో లెక్కలు కట్టెను. ఈ సంఖ్యకు ఆధారము బొత్తిగా లేకపోలేదు. గ్రీసులోని డెల్ఫీ పుణ్యక్షేత్రమువారు క్రీ.పూ. 336 ప్రాంతమున తమ వెండిని కరగించి క్రొత్త నాణెములు కొట్టించిరి. ఆ వెండి లెక్కలు రాతిపై చెక్కబడి నేటికిని ఉన్నవి. ఆ వెండిని, దొరకిన నాణెములలోని అచ్చుల సంఖ్యతో భాగించి చూచినచో బొమ్మ అచ్చునకు 23 వేలకును 47 వేలకును నడుమ నాణెములు వచ్చుచున్నవి.

ఈ రెండు సంఖ్యల నడుమ నున్న దూరమును గమనింపవలెను. ఒకటి రెండవదానికి రెండింతలు. పైగా ఒక అచ్చు మొదటి దినముననే పగిలిపోవచ్చును. మరియొకటి నెలలు నిలువవచ్చును. కమ్మటమునకు వెండి రానినాడు మంచి అచ్చును పెట్టెలోనే ఉండిపోవును. ఇదివరకు చెప్పిన బట్రీయే 1993లోను 1994లోను వ్యాసములు వ్రాసి, అచ్చుల లెక్కను 30,000తో హెచ్చవేయుట చరిత్ర కాదనియు ఊహాగానమనియు తీవ్రముగా ఖండించెను. బెల్జియము దేశపు పండితుడైన ద కల్లతాయ్ అతనికి సమాధానము వ్రాసెను. ఖచ్చితమైన మొత్తము తేలకపోయినను, ఒక యేట 50 అచ్చులు, మరియొక యేట 500 అచ్చులు వాడిరని తెలిసినచో ఆ భేదమైనను తెలిసినట్లే కదా యని అతని పక్షము. ఈ వివాదములో బట్రీ హెచ్చరిక మరువరానిది. అయినను సంఖ్యను పోలికకు వాడుట వేరు, మొత్తమునకు వాడుట వేరు. పోలికవరకు ద కల్లతాయ్ మాటయే న్యాయముగా కనబడుచున్నది.

ఒకే రూపము కనబడినంతనే సంతోషింపరాదని కూడ ఈ విద్య నేర్పుచున్నది. దొంగ నాణెములు చేయువారు ఒక అసలు నాణెమునకు మూస తీసి లోహము పోయుదురు. అట్లు పుట్టిన నాణెములు ఒకదానికొకటి అచ్చునందే గాక అరుగుదలలోను, అంచు వంకరలోను, నడుమ పడిన గీరలోను గూడ సరిపోవును. ఒకే అచ్చున పుట్టిన నిజమైన నాణెములకు ముఖ మొకటిగా నుండును గాని గాయములు ఒకటిగా నుండవు. రెండు నాణెములకు ఒకేచోట ఒకే గీర యున్నచో, అందు ఒకటియైనను పోతపోసినదని అనుమానింపవలెను.

ఈ పనికి కావలసిన ఓపిక యెంతటిదో తెలియుటకు అమెరికా దేశీయుడైన రిచర్డ్ షేఫర్ కృషిని చెప్పవలెను. అతడు అనేక సంవత్సరములు నాణెముల వేలముపాటల పట్టికలనుండి రోమను గణతంత్రపు నాణెముల చిత్రములను కత్తిరించి, అచ్చు వెంబడి అచ్చుగా కాగితములపై అంటించి కూర్చెను. అట్లు చేరిన చిత్రములు లక్షలకు మించినవి. న్యూయార్కులోని అమెరికను నాణెశాస్త్ర సంఘము వానిని అందరును చూచుటకు వీలుగా ప్రకటించినది. ఇప్పుడు కంప్యూటరులకు గూడ ఈ పోలిక నేర్పుచున్నారు. వేల చిత్రములను అవి త్వరగా జల్లెడపట్టి, ఒకే అచ్చువిగా తోచినవానిని కుప్పలు వేయుచున్నవి. కడపటి తీర్పు మాత్రము ఇంకను మనుష్యుని కన్నే చెప్పుచున్నది.

రోమను నాణెములు తెలుగు నేలకు దూరపు చుట్టములు కావు. తెలంగాణములోని నల్లగొండ ప్రాంతమున అక్కెనపల్లి యను చోట దొరకిన నిధిలో 1,500కు పైగా రోమను వెండి దెనారియుస్‌లుండెను. అవి ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తుల కాలమునాటివి. భారతదేశమున దొరకు ఆగస్టసు నాణెములలో విరివిగా కనబడునది ఒకటి కలదు. దాని బొరుసున అతని దత్తపుత్రులైన గాయుసును లూసియుసును డాళ్లతోను ఈటెలతోను నిలిచియుందురు. దానిని కొట్టినది గాలు దేశపు లుగ్దూనుము కమ్మటమున. నేడు ఫ్రాన్సులోని లియోను నగర మదే. మిరియములకును, మేలివస్త్రములకును, రత్నములకును వెలగా ఆ వెండి సముద్రము దాటివచ్చెను. ఇండియాకు ఏటేట 5 కోట్ల సెస్టర్సుల ధనము తరలిపోవుచున్నదని ప్లినీ యను రోమను పండితుడు మొదటి శతాబ్దిలో వ్రాసెను. నాలుగు సెస్టర్సులు ఒక దెనారియుస్. ఆ ధనమంతయు వెండి నాణెములుగనే వచ్చెననుకొని, అచ్చునకు 30,000 చొప్పున లెక్కించినచో, ఇండియాకు పంపుటకే ఏటికి 400కు పైగా బొమ్మ అచ్చులు కావలసియుండును. బట్రీ వినినచో ఈ హెచ్చవేతను ఒప్పుకొనడు. ప్లినీ సంఖ్యను సందేహించువారును కలరు. అయినను ఆ వర్తకపు పరిమాణ మెంతటిదో మనసునకు తట్టుట కది చాలును.

ఈ దేశమున దొరకిన రోమను నాణెములలో ఇచటనే చేసిన అనుకరణములును కొన్ని కలవు. లాటిను రాని పనివాడు అక్షరములను గీతలుగా మార్చివేయుటవలన అవి పట్టుపడును. దూరదూరముననున్న రెండు ఊళ్ల నిధులలో అట్టి నాణెములు రెండు ఒకే అచ్చున పుట్టినవని తేలినచో, ఆ రెండు ఊళ్లకును ఒకే పనివాని దాగలినుండి సొమ్ము చేరినట్లు ఋజువగును. శాతవాహనుల కాలపు సొమ్ములోను ఇట్టి జాడలు కలవు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో నహపానుని వెండి నాణెములు 13,000కు పైగా దొరకినవి. వానిలో 9,000కు పైగా నాణెముల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గురుతులను మరల కొట్టించెను. ఓడిన రాజు సొమ్మును కరగింపకయే గెలిచిన రాజు తనదిగా చేసికొనుట యిది. కాని రెండవ దెబ్బ మొదటిదానిని పూర్తిగా చెరపలేదు. శాతవాహనుల కొండగురుతు క్రిందనుండి నహపానుని ముక్కో, మెడయో, అంచునగల గ్రీకు అక్షరములలో రెండు మూడో పైకి తొంగిచూచుచుండును. అంతపాటి మిగిలినను, ముక్కుకొనకును అక్షరమునకును గల యెడమును కొలిచి, అది మొదట ఏ అచ్చున పుట్టినదో వెదకుటకు వీలు కలదు.